ఆకు మిగలని పత్రిక

నల్లమద్ది అడవిలో జంతువులన్నీ కలిసి ఒక విశ్వవిద్యాలయం పెట్టుకున్నాయి. మనుషులకి ఉన్నప్పుడు మనకెందుకు ఉండకూడదన్న పంతం తప్ప దానికి వేరే కారణం లేదు. కులపతి పులి. ఆయన ఏడాదికోసారి స్నాతకోత్సవానికి వచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి, ఆవలించి వెళ్ళిపోయేవాడు. ఉపకులపతి ఎలుగుబంటి. ఆయన ఇప్పపూల మత్తులో ఏ ఆకు ముందు పెడితే ఆ ఆకు మీద పంజా ముద్ర వేసేవాడు. పని చేసేదీ చేయించేదీ రిజిస్ట్రారు జిత్తయ్య. ఆయన నక్క అని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. పులి నిద్రకీ ఎలుగుబంటి మత్తుకీ మధ్య ఎంత జాగా ఉందో అంతా ఆయనదే, అదేం చిన్న జాగా కాదు.

ఆ విశ్వవిద్యాలయంలో విద్యార్థులకి సొంతంగా ఒక పత్రిక ఉండేది. పేరు 'అడవి కబురు'. దాన్ని నడిపేది ములుకు అనే ఏదుపంది. తాటాకు మీద రాయడానికి అందరికీ గంటం కావాలి గానీ ఏదుపందికి ఒంటి మీంచి రాలిన ముల్లు చాలు. ఇక ఆకులు విద్యార్థులు ఇచ్చేవారు. తాటితోపు వైపు వెళ్ళినవాళ్ళు ఎవరైనా సరే, తిరిగొచ్చేటప్పుడు రాలిన ఆకొకటి నోట కరుచుకొచ్చి ములుకు బొరియ ముందు పడేసి పోవడం అక్కడి ఆనవాయితీ. విశ్వవిద్యాలయం దగ్గర్నుంచి ఒక్క ఆకు గానీ ఒక్క గింజ గానీ తీసుకోకూడదని పత్రిక పెట్టిన రోజే అనుకున్నారు. ఇవాళ తీసుకుంటే రేపు ఏమడుగుతారో వాళ్ళకి తెలుసు.

వార్తలు తెచ్చేది దూది అనే చెవులపిల్లి. దాని చెవులకి అందని సంగతి లేదు, కాళ్ళకి అందని మూల లేదు. సంగతులు తేవడమే కాదు, పత్రిక చదివి ఎవరేమన్నారో కూడా మోసుకొచ్చేది. ఎవరికి నవ్వొచ్చింది, ఎవరికి ఒళ్ళు మండింది, ఏ లేగదూడ ఏ అనుమానం అడిగింది, అన్నీ వచ్చి బొరియ ముందు కూర్చుని చెప్పేది. ములుకు పగలంతా పడుకుని చీకటి పడ్డాక తిరిగే జాతి. పైగా ఒంటి నిండా ముళ్ళు. ఎవరూ పక్కన కూర్చోరు. లోకంతో దానికున్న సంబంధం దూది ఒక్కతే.

పత్రిక పేరు చెబితే జిత్తయ్యకి ఒళ్ళు మంట. మూయించేద్దామంటే విద్యార్థులు గోల చేస్తారు, ఆ గోల పులి చెవిన పడుతుంది. అందుకని ఆయన ముందు దూది మీద పడ్డాడు. హాజరు చాలలేదన్నాడు, పరీక్ష రాయనివ్వనన్నాడు, పట్టా ఆగిపోతే ఇంట్లోవాళ్ళకి మొహం ఎలా చూపిస్తావన్నాడు. చెవులపిల్లి గుండె ఎంతటిదో మీకు తెలుసు. ఒక సాయంత్రం అది ములుకు దగ్గరికి వచ్చి తల దించుకుని నిలబడింది.

"పరీక్షలయ్యేదాకా నన్ను వదిలెయ్యవే. తర్వాత నేనే వస్తాను."

"నేనేం పట్టుకున్నానా? వెళ్ళు" అంది ములుకు. అన్నంతలోనే దాని ముళ్ళు లేచాయి. ఏదుపందికి బాధ కలిగినా ముళ్ళే లేస్తాయి, కోపం వచ్చినా ముళ్ళే లేస్తాయి. చూసేవాళ్ళకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. దూది అది కోపమనుకుని వెనక్కి వెనక్కి జరిగి పారిపోయింది.

దూది వెళ్ళిపోయిన కొన్నాళ్ళకి హాస్టలు పక్కన మడుగు వాసన వేయడం మొదలుపెట్టింది. కారణం వెతకడానికి ములుకు ఒక్కతే మట్టి వాసన చూసుకుంటూ గట్టు పొడవునా నడిచింది. మడుగుకి నీళ్ళొచ్చేది కొండ ఊటలోంచి. జిత్తయ్య ఆ ఊటకి అడ్డుకట్ట వేసి అతిథిగృహం ముందు స్నానాల కొలను తవ్వించాడు, కులపతిగారి కోసమట. స్నాతకోత్సవం ఏర్పాట్లు చూసే వంకతో జిత్తయ్య బావమరుదులు గుంపుగా ఆ అతిథిగృహంలోనే దిగి ఉన్నారు. వాళ్ళు తిని పారేసినదీ, స్నానం చేసి వదిలినదీ, ఇంకా చెప్పకూడనివీ అన్నీ ఒక కాలవలో పడి సరాసరి కింది మడుగులోకి వస్తున్నాయి. విద్యార్థులు తాగేది ఆ నీళ్ళే.

ములుకు కూర్చుని రాసింది. అతిథిగృహం మురుగు మీ మడుగులో కలుస్తోంది, ఆ నీళ్ళు తాగకండి, కాస్త దూరమైనా కొండవాగుకి వెళ్ళి తాగండి అని రాసింది. అదే సంగతి ఉన్న ఆకులెన్నెన్నో రాసి, ఎప్పటిలాగే తెల్లవారకముందే మూడుదారుల బండ మీద పెట్టి, బొరియలోకి పోయి పడుకుంది. మామూలుగా పొద్దున్నే తరగతులకి వెళ్ళేవాళ్ళు తలా ఒకటి తీసుకుపోతారు.

ఆ రోజు విద్యార్థుల కన్నా ముందు జిత్తయ్య బావమరుదులు వచ్చారు. ఆకులన్నీ ఎత్తుకుపోయారు. మర్నాడూ వచ్చారు, ఆ తర్వాతా వచ్చారు. ఖాళీ బండ చూసిన విద్యార్థులకి జిత్తయ్య తనే వెళ్ళి చల్లగా చెప్పాడు: ములుకు పత్రిక మానేసింది, కులపతిగారికి స్వాగతపత్రాలు రాసే పనిలో ఉంది, అతిథిగృహంలో మంచి గది కూడా ఇచ్చాం, కదిలించి ఇబ్బంది పెట్టకండి. విద్యార్థులు నమ్మారు. కొందరు మూతి విరిచారు, కొందరు తిట్టారు. తాటితోపు నుంచి ఆకులు తేవడం అందరూ మానేశారు.

ఇది ఉచ్చులో ఒక సగం. రెండో సగం బిగించడానికి జిత్తయ్య సాయంత్రం పూట ములుకు బొరియ దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్ ములుకూ, లేచావా?"

"లేచాను సార్. నా రాతల మీద కోపమొచ్చి వచ్చారా?"

"కోపమెందుకమ్మా, పత్రికన్నాక రాస్తారు. బండ మీద ఒక్క ఆకు మిగలడం లేదు తెలుసా? పిల్లలు ఎగబడి తీసుకుపోతున్నారు."

ములుకు కళ్ళు మెరిశాయి. "మరి మడుగు సంగతి చదివి ఏమన్నారు సార్?"

జిత్తయ్య తోక సర్దుకుని కూర్చుని, దాని వైపు జాలిగా చూశాడు. "ఏమంటారమ్మా. చదివారు, పక్కన పడేశారు. ఈ కాలం పిల్లలకి పరీక్షలు తప్ప ఇంకేం పట్టింది? నువ్వు మాత్రం రాయడం మానకు. ఎవరో మెచ్చుకుంటారని రాసేదానివా నువ్వు?"

అబద్ధం చెప్పడం ఏ నక్కకైనా వస్తుంది. జిత్తయ్య తెలివంతా ఆ చివరి మాటలో ఉంది. ఎవరో మెచ్చుకుంటారని రాసేదానివా అన్నాక, వెళ్ళి "చదివారా" అని అడగడానికి ఏ రాసేవాడికైనా నోరు రాదు. ములుకుకీ రాలేదు. దూదిని గుచ్చి గుచ్చి అడిగి అడవి సంగతులన్నీ రాసిన ఏదుపంది తన సంగతి వచ్చేసరికి ఒక్క ప్రశ్న అడగలేకపోయింది. ఆ ఒక్క పొరపాటుకి దాన్ని నేను ఎంతైనా తిడతాను గానీ, దాని మీద జాలి కూడా ఉంది.

ఎందుకంటే ఆ రోజులు దానికి చాలా కష్టంగా గడిచాయి. ఆకులు తెచ్చేవాళ్ళు లేరు కాబట్టి తనే తోపు దాకా నడిచి, తనకంటే పొడుగైన మట్టలు పళ్ళతో పట్టుకుని వెనక్కి నడుస్తూ ఈడ్చుకొచ్చేది. ఒంటరిగా రాసేది, ఒంటరిగా బండ మీద పెట్టేది. సాయంత్రం లేచి చూస్తే బండ ఖాళీ. ఒకప్పుడు ఖాళీ బండ చూస్తే కడుపు నిండేది. ఇప్పుడు భయం వేసేది. ఇంతమంది చదువుతున్నారు, ఒక్కరూ తిట్టనైనా తిట్టరేం అనుకునేది.

అన్నిటికంటే కష్టం సాయంత్రం గట్టు మీద కూర్చుని చూడటం. దుప్పులూ, కణుజులూ, కొండగొర్రెలూ గుంపుగా వచ్చి అదే మడుగులో మూతి పెట్టి తాగేవి. తాగొద్దని ఆ పొద్దున్నే రాసింది. వాటికి తన మాటంటే లెక్క లేదని ములుకు అనుకుంది. తాను చచ్చిపోయినా కొన్నాళ్ళు ఎవరూ గమనించరేమోనని కూడా అనుకుంది. అలా అనుకుని ఏడ్చింది, నేను దాచను.

ఒకసారి ఉండబట్టలేక మడుగు దాకా దిగి వచ్చింది. ఒక దుప్పి తల ఎత్తి చూసింది. ములుకు అడగబోయేంతలోనే ముళ్ళు గలగలమని లేచాయి. దుప్పులు బెదిరి నాలుగడుగులు వెనక్కి వేశాయి. పెద్దల పంచన చేరాక మనతో పనేముందిలే అన్నట్టు మొహాలు తిప్పుకున్నాయి. ములుకు అది తిరస్కారమనుకుంది. అది నిజంగా తిరస్కారమే, కాకపోతే దాని కారణం వేరు. ఒక్క మాట అటు నుంచి వచ్చినా ఇటు నుంచి వెళ్ళినా జిత్తయ్య కట్టిన గోడ కూలిపోయేది. రెండు వైపులా పౌరుషమే ఎక్కువైంది.

ఆ గుంపులో దూది కొన్నాళ్ళుగా కనిపించడం లేదు. తనకి ఎదురుపడటం ఇష్టం లేక తప్పించుకు తిరుగుతోందని ములుకు అనుకుంది.

ఇలా ఉండగా స్నాతకోత్సవం దగ్గరపడింది. అతిథిగృహానికి కొత్త పైకప్పు వేయాలి. జిత్తయ్య దగ్గర పత్రిక ఆకులు గుట్టగా పేరుకున్నాయి. తగలబెడితే పొగ లేస్తుంది, పారేస్తే ఎవరో ఒకరు చదువుతారు. పాడవకుండా ఎండిన మంచి తాటాకు, ఊరికే పోనివ్వడం ఎందుకని ఆయన గిజిగాళ్ళని పిలిపించి కప్పు నేయమన్నాడు. ఒక్క జాగ్రత్త మాత్రం మరీ మరీ చెప్పాడు: రాత ఉన్న వైపు బయటికి రాకూడదు, లోపలికి తిప్పి నేయాలి. దారిన పోయే విద్యార్థులకి బయటి నుంచి ఒక్క అక్షరం కనిపించకూడదు. గిజిగాళ్ళు చెప్పినట్టే చేశాయి, ముచ్చటగా కుదిరింది. జిత్తయ్య అతిథిగృహం చుట్టూ తిరిగి చూసుకుని, ఒక్క అక్షరమైనా కనపడక, తన తెలివికి తానే మురిసిపోయాడు.

ఉత్సవం రోజు పొద్దున్నే కులపతి పులి వచ్చాడు. కొలనులో తృప్తిగా స్నానం చేశాడు. జిత్తయ్య వడ్డించినదంతా తిన్నాడు. సభకి ఇంకా సమయం ఉందని అతిథిగృహంలో వెల్లకిలా పడుకున్నాడు. పులికి చదివే అలవాటు ఎన్నడూ లేదు. కానీ పొట్ట నిండి వెల్లకిలా పడుకున్నవాడికి పైకప్పు తప్ప చూడటానికి ఇంకేముంటుంది? పులి చూశాడు. ఒకచోట మురుగు అని ఉంది. పక్కన కులపతిగారి స్నానాల కొలను అని ఉంది. ఆ మూలనుంచి ఈ మూలదాకా, పెద్ద అక్షరాలతో చిన్న అక్షరాలతో, కింది మడుగు నీళ్ళు తాగకండి, తాగకండి, తాగకండి అని ఉంది. ఆయనకి ఇక నిద్ర పట్టలేదు.

సభ మొదలైంది. ములుకు కూడా ఆ ఏడు పట్టా తీసుకోవాలి కాబట్టి పగటి వెలుగుకి కళ్ళు చికిలించుకుంటూ వచ్చి, అందరికంటే వెనక కూర్చుంది. దాని చుట్టూ ఎప్పటిలాగే ఖాళీ. పులి లేచి, ఎప్పుడూ చెప్పే మంచి మాటలు చెప్పకుండా, కప్పులోంచి పీకిన ఒక తాటాకు పైకెత్తి చూపించాడు.

"ఇది రాసింది ఎవరు?"

 జిత్తయ్య తోక నేలకి అంటుకుపోయింది. ములుకు ముళ్ళు లేపుకునే నిలబడింది.

"నేనే దొరా."

"ఇంతకాలంగా రాస్తున్నావు. నీ తోటివాళ్ళు చదివి కూడా ఊరుకున్నారా? మీకు బుద్ధి లేదా?" అని పులి విద్యార్థుల వైపు తిరిగాడు.

విద్యార్థులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మడుగు దగ్గర తల ఎత్తి చూసిన దుప్పే ముందుకొచ్చింది. "ఏ పత్రిక దొరా? పత్రిక ఆగిపోయి చాలాకాలమైంది కదా. ములుకు మీ స్వాగతపత్రాలు రాస్తోందని చెప్పారు."

ములుకు ఆ మాట వింది. తనని ఎవరూ లెక్కచేయలేదన్న బాధ ఒక్కసారిగా పోయింది. దాని చోట ఇంకా పెద్ద బాధ వచ్చి కూర్చుంది. తాను రాసిన అన్ని ఆకులకీ మొత్తం అడవిలో పాఠకుడు ఒక్కడే, అదీ పులి.

జిత్తయ్య అప్పటికే గొంతు సవరించుకున్నాడు. "చిత్తం, పత్రిక మహా విలువైనది కాబట్టి భద్రపరిచాం ప్రభూ."

"పైకప్పులోనా?"

"వానకి తడవకూడదని రాత లోపలికి పెట్టించాను ప్రభూ."

ఎలుగుబంటి ఆ వేళకి మత్తు దిగి, అవునవును, దాని మీద పంజా ముద్ర నేనే వేశాను అని తల ఊపాడు. సభంతా గొల్లున నవ్వింది. 

పులి ఉన్నట్టుండి ధర్మాత్ముడైపోయాడని నేను చెప్పను. తాను స్నానం చేసి వదిలిన నీళ్ళు తన అడవి పిల్లలు తాగుతున్నారని నలుగురిలో తెలిసింది, పరువు పోయింది, అంతే. పరువు పోయిన పులి మాత్రం పని త్వరగా చేస్తుంది. ఊటకి వేసిన అడ్డుకట్ట అప్పటికప్పుడే తీయించాడు. బావమరుదులని తరిమేశాడు. జిత్తయ్య పదవి ఊడగొట్టి, మడుగు మళ్ళీ తేటపడేదాకా దాని గట్టునే కాపురం ఉండి ఆ నీళ్ళే తాగాలని తీర్పు చెప్పాడు. ఆ తర్వాత ములుకుని పిలిచి, ఇక నుంచి ఆకులూ గింజలూ మా ఖజానా నుంచి ఇస్తాం, పత్రిక మా పేరు మీద నడుపు అన్నాడు.

"వద్దు దొరా. ఆ కప్పు విప్పించండి చాలు, ఆ ఆకులు విద్యార్థులవి" అంది ములుకు.

విద్యార్థులు కప్పు మీదికెక్కి ఒక్కొక్క ఆకూ లాగి, అక్కడే నేల మీద పరుచుకుని పాత వార్తలన్నీ చదివారు. కొందరు చదువుతూనే సిగ్గుపడి ములుకు వైపు చూశారు. అది అక్కడ లేదు. దూది ఎందుకు సభకి రాలేదని ఎవరినో అడిగి, జవాబు విని, హాస్టలు వైపు పరిగెత్తింది.

దూది గుంతలో గడ్డి మీద పడి ఉంది. కడుపు లోపలికి పోయి ఎముకలు తేలాయి. ములుకుని చూసి నవ్వబోయింది.

"ఏమే, అతిథిగృహంలో గది బాగుందా?"

"ఏ గదే? నేను బొరియ వదిలి ఎక్కడికీ పోలేదు. పత్రిక మానలేదు. మడుగు నీళ్ళు తాగొద్దని ప్రతి ఆకు మీదా రాశాను."

దూది చెవులు రెండూ వాల్చేసింది. తర్వాత మెల్లగా అంది, "రాశావు సరే. నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చదివావనుకున్నాను."

"నేను చదివితే తాగుతానా?"

ములుకు లేచి కొండవాగు నీళ్ళకి బయల్దేరింది. దూది బతికింది. కొండవాగు నీళ్ళు తెచ్చి పోసి, లేత గడ్డి తినిపించి విద్యార్థులంతా బతికించుకున్నారు. కానీ దాని వెనక కాళ్ళలో సత్తువ తిరిగి రాలేదు. అడవిలో మూలమూలకీ పరిగెత్తి కబుర్లు తెచ్చిన చెవులపిల్లి ఇప్పుడు గుంత చుట్టూ కుంటుతూ తిరుగుతుంది, అంతే.

ఇక జిత్తయ్య. మడుగు గట్టున కూర్చుని ఆ నీళ్ళు తాగి తాగి ఆయన కడుపు పాడైంది. ఊట వదిలాక పైకి తేరుకుంటున్నట్టే కనిపించినా నీళ్ళు బాగుపడలేదు. ఎందుకంటే ఆయన బావమరుదులు అతిథిగృహం వెనక పాతిపెట్టిన కుళ్ళంతా నేలలోంచి ఇంకా ఊరుతూనే ఉంది. నీళ్ళు ఇంకా చెడే ఉన్నాయన్న సంగతి కడుపునొప్పి వల్ల అడవి మొత్తంలో ఆయన ఒక్కడికే తెలుసు. దారిన పోయే ప్రతివాళ్ళనీ పిలిచి చెప్పేవాడు: నీళ్ళు ఇంకా బాగుపడలేదు, లేగల్ని ఇటు రానివ్వకండి, నిజం చెబుతున్నాను. నక్క మాట ఎవరు వింటారు? ఒక్కరూ ఆగలేదు. పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయి, ఆయన కూడా గట్టున ఒంటరిగా మిగిలాడు.

ఆగింది ములుకు ఒక్కతే. సాయంత్రం లేచి, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని, "ఏం జరుగుతోందో మొదటి నుంచి చెప్పండి సార్" అని అడిగింది. బావమరుదులు పాతిపెట్టిన సంగతితో సహా ఆయన చెప్పినదంతా విని, వెళ్ళి అతిథిగృహం వెనక తవ్వి చూసింది. నిజమే. ఆ రాత్రి అదే రాసింది. పొద్దున్న బండ మీద ఆకులు పెట్టి, ఈసారి పడుకోకుండా, ఎండకి కళ్ళు మండుతున్నా అక్కడే నిలబడి, తీసుకున్న ప్రతివాళ్ళనీ అడిగింది, చదివావా, ఏమర్థమైంది అని.

రాసి పెట్టినంత మాత్రాన చెప్పినట్టు కాదు, అవతలివాళ్ళకి చేరిందో లేదో వెళ్ళి అడిగి తెలుసుకోవాలి.